రెండు కోట్ల తొంభై ఒక్క లక్షల నిమిషాలు

ఫోను తెర మీద 29,114,316 అని ఉంది. ఇన్ని నిమిషాల తర్వాత మళ్ళీ ప్రయత్నించమని దాని కింద రాసి ఉంది. కామాలు ఇంగ్లీషు పద్ధతిలో మూడేసి అంకెలకు పడ్డాయి కాబట్టి కంగారులో మొదటి రెండు ముక్కలే చదివి ఇరవై తొమ్మిది వేలేమో అనుకున్నాను. ఇరవై తొమ్మిది వేల నిమిషాలంటే ఇరవై రోజులు. అదే ఎక్కువనిపించింది. తర్వాత మన పద్ధతిలో కామాలు మార్చుకుని చదివాను. రెండు కోట్ల తొంభై ఒక్క లక్షల పధ్నాలుగు వేల మూడు వందల పదహారు. పాపను భుజాన వేసుకుని నిలబడి ఉన్నదాన్ని మంచం మీద కూలబడ్డాను.

ఆ ఫోనులో పాప వీడియో ఉంది. మర్నాడు పొద్దున దాన్ని డాక్టరుకు చూపించాలి.

ఇదంతా ఈ వేసవిలో జరిగింది. పాప నిద్రపోయాక కొంచెం కొంచెంగా రాస్తున్నాను. పాప కదిలితే ఆపేస్తాను, అందుకని ఎక్కడైనా వాక్యం తెగినట్టుంటే అది పాప వల్లే.

పాపకు అప్పుడు ఎనిమిదో నెల. ఉగాది వెళ్ళిన కొన్నాళ్ళకు ఒక పొద్దున నిద్ర లేచి, ఉన్నట్టుండి తల ముందుకు వంచింది. రెండు చేతులూ పైకి లేచి విచ్చుకున్నాయి. ఒక్క క్షణమే. మళ్ళీ మామూలుగా నన్ను చూసింది. నేను నవ్వేలోపు మళ్ళీ అదే. అలా వరుసగా కొన్నిసార్లు వంగి, చివరకు సన్నగా ఏడ్చి, పాలు తాగింది. ఆ రోజంతా ఏమీ లేదు. మర్నాడు నిద్ర లేవగానే మళ్ళీ మొదలు.

మా అత్తయ్యకు మాత్రం అది ఎంత ముద్దో. ఈ ఇల్లు రాయచూరు గంజికి, అంటే ధాన్యం మార్కెట్టుకు దగ్గర. మామయ్య పోయాక, రైతుల సరుకు అమ్మిపెట్టే అడ్తి దుకాణం మా ఆయనే చూసుకుంటారు. పొద్దుట నుంచి ఇంటికి ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. వచ్చినవాళ్ళందరికీ అత్తయ్య పాపను చూపించేది.

"చూడుండ్రి, నా తల్లి సలాం జేస్తుంది. ఎవ్వరు నేర్పలే. వాలేకుం సలాం, బేగం సాబ్! మల్ల జెయ్, ఇంకోపారి జెయ్."

పాప వంగేది. అందరూ నవ్వేవారు. నేను కూడా ఒకటి రెండుసార్లు నవ్వాను. మూడో రోజో నాలుగో రోజో పాప వంగి లేచినప్పుడు నేను ఎదురుగా ఉన్నాను. ఆ కళ్ళు నన్ను చూడటం లేదు. ఎవరో వెనక నుంచి మెడ పట్టి వంచినట్టుంది. ఆ తర్వాత నాకు నవ్వు రాలేదు.

"అది సలాం కాదత్తయ్యా. ఆగాక ఏడుస్తోంది చూడండి."

"పిల్ల ఏడవకుంటె ముసల్ది ఏడుస్తదా? మీ క్యాంపోల్లకు తుమ్మితే దవాఖాన, దగ్గితే దవాఖాన."

క్యాంపు అంటే మా ఊరు. కవితాళ అవతల, కాలువ కింద వరి పండించడానికి గోదావరి వైపు నుంచి వచ్చినవాళ్ళు కట్టుకున్న ఊరు. మా నాన్నకు అక్కడ ఎరువుల కొట్టు. నా మాట తీరు ఇప్పటికీ అత్తయ్యకు సినిమా మాటల్లా వినిపిస్తుందట. అందుకని నేను గట్టిగా ఏదైనా అంటే ముందు నవ్వొస్తుంది ఆవిడకు. నమ్మడం తర్వాత.

బజారులో ఉన్న పిల్లల డాక్టరు దగ్గరికి ఒకసారి తీసుకెళ్ళాం. అక్కడ కూర్చున్నంతసేపూ పాప ఆయన మెడలోని స్టెతస్కోపు లాగుతూ ఆడింది. ఒక్కసారీ వంగలేదు. నేను చేతులతో చేసి చూపించాను. ఆయన అది వచ్చినప్పుడు వీడియో తీయమన్నాడు. పిల్లల నరాలు చూసే డాక్టరు హైదరాబాదు నుంచి నెలకో ఆదివారం వస్తాడు, వీడియో ఆయనకు చూపిస్తే తేలిపోతుంది, ఆలస్యం చేయొద్దన్నాడు.

ఇంటికి వచ్చాక అత్తయ్య గొంతు తగ్గించి అడిగింది. గొంతు తగ్గించినప్పుడే ఆవిడ నిజంగా మాట్లాడుతున్నట్టు.

"నరాల డాక్టరంటె ఫిట్స్ డాక్టరే గద? ఆడపిల్లకు ఫిట్సని పేరు పెట్టిపిస్తవా? ఒక్కపారి గంజి మొత్తం తెలిసినంక ఆ పేరు పోతదా?"

మా ఆయన మధ్యలో నిలబడ్డారు. ఆయన ఎప్పుడూ అక్కడే నిలబడతారు. "వీడియో దీయ్. నేను జూస్త, అమ్మ జూస్తది. సలాం కాదని కనబడితే ఆదివారం పోదం. లేకుంటె ఊకుందం."

సరేనన్నాను. ఇంకేం అనగలను? అడిగి బయటికి వెళ్ళాలి, ఎవరైనా తోడు రావాలి. తోడు వచ్చేవాళ్ళకు ముందు అవసరం కనబడాలి.

వీడియో తీయడం అనుకున్నంత సులువు కాలేదు. నాకున్నది మాట్లాడుకోవడానికి బటన్ల ఫోను. మా ఆయన కొత్తది కొనుక్కున్నప్పుడు ఇచ్చిన పాత ఫోను ఒకటి ఉంది. సిమ్ లేదు, ఇంట్లో వైఫై మీద నడుస్తుంది, కెమెరా మంచిది. బ్యాటరీ మాత్రం ముసలిదైపోయింది, ఛార్జి పెట్టిన కాసేపటికే నీరసపడుతుంది. దాన్ని దిండు కింద పెట్టుకుని పాప లేచే వేళకు కాచుకునేదాన్ని. తీసేలోపు ఆగిపోయేది. ఆగకపోతే ఛార్జి అయిపోయేది. చివరికి ఆ నెల డాక్టరు వచ్చే ఆదివారానికి ముందురోజు పొద్దున, మొదటి వంపు నుంచి చివరి ఏడుపు దాకా మొత్తం దొరికింది. మా ఆయన అప్పటికే దుకాణానికి వెళ్ళిపోయారు. సాయంత్రం ఇద్దరికీ కలిపి చూపిద్దామనుకుని ఫోను బల్ల మీద పెట్టి, పాపకు నీళ్ళు పోయడానికి వెళ్ళాను.

మా ఆడపడుచు కూతురికి అయిదేళ్ళు. సెలవులకు వచ్చి ఉంది. బొమ్మలు చూద్దామని ఫోను తీసుకుంది. రహస్య అంకెలు తెలియవు. అయినా నొక్కింది. తప్పని చెబితే మళ్ళీ నొక్కింది. కాసేపాగమంటే ఆగి నొక్కింది. నేను తడి చేతులతో వచ్చేసరికి గంట తర్వాత ప్రయత్నించమని వచ్చి ఉంది. పదకొండు దాటి కొన్ని నిమిషాలైంది.

"నేనేం జెయ్యలె అత్తా. అదే ఆగు ఆగు అంటుంది. ఆగిన గూడ."

గంటే కదా అనుకున్నాను. ఇంతలో కరెంటు పోయింది. పక్కనే కరెంటు తయారు చేసే ఊళ్ళో ఎండాకాలం కరెంటు పోవడం మాకు మామూలే. ఫోను కూడా ఆరిపోయింది. ఒంటిగంటకు కరెంటు వచ్చాక ఛార్జరు గుచ్చి, పాపను భుజాన వేసుకుని, అది వెలిగేదాకా అక్కడే నిలబడ్డాను. వెలిగింది. అప్పుడు కనబడింది ఆ సంఖ్య.

అత్తయ్య వచ్చి కళ్ళద్దాలు పెట్టుకుని చూసింది. పెదవులు కదిలాయి. "ఇరవై ఏడు. రెండు ఏడు తొమ్మిది. కూడితె తొమ్మిదొచ్చింది, మంచి నంబరే గద." ఈ ఇంట్లో బండి నంబరు, ఫోను నంబరు, ఏదైనా కూడితే తొమ్మిది రావాలి. "ఎన్ని దినాలకు తెరుస్తదంట?"

"యాభై అయిదేళ్ళకు పైనే."

"అయితె పాప మనుమరాలు తెరుస్తది తీ." నవ్వి, నా ముఖం చూసి ఆపేసింది. "పోనియ్. గంత పరేషాన్ ఎందుకు? వచ్చే నెల రాడా డాక్టరు?"

వచ్చే నెల. ఆలస్యం చేయొద్దన్న మాట ఆవిడ ముందే అన్నాడు ఆ డాక్టరు. మా ఆయనకు ఫోను చేశాను. ఆయన పక్కనున్న ఫోన్ల దుకాణంలో అడిగి మళ్ళీ చేశారు.

"ఫార్మాట్ కొట్టాల్నంట. ఇంకో దారి లేదంట. సాయంత్రం తీస్కపోత."

"ఫార్మాట్ చేస్తే లోపల ఉన్నవన్నీ పోతాయి కదండీ."

"పోతయి మరి. వీడియో ఇంకోటి దీస్తువు."

ఇంకోటి. పాప మధ్యాహ్నం పడుకుంది. లేస్తే మళ్ళీ రావచ్చు. కానీ తీయడానికి ఇంట్లో వేరే కెమెరా లేదు. ఒకవేళ ఆయన త్వరగా వచ్చి ఆయన ఫోను ఇస్తే, ఒకవేళ అప్పుడే పాప లేస్తే, ఒకవేళ అప్పుడు వస్తే. ఉయ్యాల పక్కన కూర్చుని నేను దేనికోసం దండం పెట్టుకోవాలో నాకు తెలియలేదు. రావాలని కోరుకుంటే నా బిడ్డకు జబ్బు రావాలని కోరుకున్నట్టు. రాకూడదని కోరుకుంటే రేపు ఇంట్లోనే ఉండిపోవాలని కోరుకున్నట్టు. కిటికీకి తడి గోనెపట్టా కట్టి ఉంది. గదిలో వెలుతురు మడ్డినీళ్ళలా ఉంది. ఫోను తెర మీద సంఖ్య నిమిషానికొకటి తగ్గుతోంది. 29,114,300 దాటింది. అలా తగ్గుతూ పోతే నేను ముసలిదాన్నయ్యాక సున్నా వస్తుంది.

నేను చదివింది బీఎస్సీ లెక్కలు. భయమేసినప్పుడు ఎవరికి ఏది అలవాటో అది చేస్తారు. అత్తయ్య స్తోత్రం చదువుకుంటుంది. నేను సంఖ్యలను విడగొడతాను. పెళ్ళయ్యాక ఈ అలవాటు ఎవరికీ చెప్పలేదు. బస్సు టికెట్టు మీద నంబరైనా సరే, మందు సీసా మీద నంబరైనా సరే, దేనితో భాగిస్తే శేషం రాదో చూడందే ఊరుకోలేను. క్యాలెండరులో చిరిగిన నెల కాగితం తీసుకుని దాని వెనక మొదట కనబడిన సంఖ్య రాశాను. 29,114,316.

చివర పదహారుంది, కాబట్టి నాలుగు భాగిస్తుంది. అంకెల మొత్తం ఇరవై ఏడు, కాబట్టి తొమ్మిది భాగిస్తుంది. అత్తయ్య మంచి నంబరన్నది ఆ తొమ్మిదినే. ఇంగ్లీషు కామాలు మోసం చేశాయి కానీ ఒక్కదానికి అవే పనికొచ్చాయి. మూడేసి అంకెల ముక్కల్లో ఒకదాన్ని కలిపి ఒకదాన్ని తీసేస్తే, మిగిలినదాన్ని ఏడు భాగిస్తే మొత్తాన్నీ ఏడు భాగిస్తుంది, పదకొండు భాగిస్తే మొత్తాన్నీ పదకొండు భాగిస్తుంది. మూడు వందల పదహారులోంచి నూట పధ్నాలుగు తీసి ఇరవై తొమ్మిది కలిపాను. రెండు వందల ముప్పై ఒకటి. ఏడు మూళ్ళ ఇరవై ఒకటి, దానికి పదకొండు రెట్లు. ఏడూ ఉంది, పదకొండూ ఉంది. అన్నిటినీ ఒక్కొక్కటే తీసుకుంటూ పోయాను. రెండు రెండుసార్లు, మూడు అయిదుసార్లు, ఏడు ఒకసారి, పదకొండు ఒకసారి. చివరికి చేతిలో 389 మిగిలింది. దాన్ని ఏదీ భాగించదు. ఎంత పెద్ద సంఖ్యనైనా తవ్వితే అడుగున ఇలాంటి రాయి ఒకటి తగులుతుంది.

ఇలాంటి వాటిని కవితాళ బడిలో కన్నడంలో అవిభాజ్య సంఖ్యలని నేర్పారు. తెలుగులో ప్రధాన సంఖ్యలంటారని నాన్న చెబితే తెలిసింది. నాకు కన్నడ మాటే బాగుంటుంది. విడదీయరానిది. ఈ పరిమాణపు సంఖ్యల్లో సగటున పదిహేడింటికి ఒకటి అలాంటిది ఉంటుంది. అంటే నేను చూస్తూ ఉండగానే ఆ తెర మీద గంటకు మూడో నాలుగో అవిభాజ్య సంఖ్యలు వచ్చి, ఒక్కొక్కటి ఒక్క నిమిషం నిలబడి వెళ్ళిపోతున్నాయి. ఏ నిమిషంలో ఉన్నది అలాంటిదో తేల్చాలంటే ఏడు వందలకు పైగా భాగహారాలు చేయాలి. చేసేలోపు సంఖ్య మారిపోతుంది. పాప వంగడం కూడా అంతే. అది అదేనని నేను తేల్చుకునేలోపు అయిపోయేది. చూశానని చెప్పడానికి నా మాట తప్ప నా దగ్గర ఏమీ మిగిలేది కాదు.

పాప కదిలింది. కాగితం పడేసి ఉయ్యాల మీదికి వంగాను. కళ్ళు తెరిచింది. నన్ను చూసింది. నవ్వింది. ఏమీ రాలేదు. నేను ఊపిరి వదిలాను, వదిలినందుకు ఏడుపొచ్చింది.

పాలు ఇస్తూ ఒక చేత్తో మళ్ళీ లెక్క మొదలుపెట్టాను. ఇప్పుడు కారణాంకాల కోసం కాదు. అత్తయ్యతో యాభై అయిదేళ్ళని చెప్పింది ఉజ్జాయింపుగా. సరిగ్గా ఎంతో చూడాలనిపించింది. యాభై అయిదే ఎందుకు? ఒక పిల్ల ఆరేడుసార్లు తప్పు నొక్కినందుకు ఏ బుద్ధిమంతుడైనా యాభై అయిదేళ్ళ శిక్ష వేస్తాడా? వేయాలనుకుంటే చిల్లర లేని సంఖ్య వేస్తాడు. కోటి అంటాడు, మూడు కోట్లంటాడు. ఇంత చిల్లరతో ఎవరూ వేయరు. ఈ సంఖ్య ఎవరూ ఎంచుకున్నది కాదు. ఒకదానిలోంచి ఒకటి తీసేస్తే మిగిలినది.

అరవైతో భాగించాను. గంటలు వచ్చాయి, ముప్పై ఆరు నిమిషాలు మిగిలాయి. గంటలను ఇరవై నాలుగుతో భాగించాను. 20,218 రోజులు, పైన ఆరు గంటలు. రోజుల్లోంచి యాభై అయిదు ఏళ్ళు తీసేశాను. లీపు సంవత్సరాలకు పధ్నాలుగు రోజులు తీసేశాను. నూట ఇరవై తొమ్మిది మిగిలాయి. ఆ రోజు మే పది, అక్కడి నుంచి నెలలు వెనక్కి లెక్కపెట్టుకుంటూ వెళ్ళాను. మేలో తొమ్మిది, ఏప్రిలు ముప్పై, మార్చి ముప్పై ఒకటి, ఫిబ్రవరి, జనవరి. వేలు వెళ్ళి జనవరి ఒకటి మీద ఆగింది. రెండు కాదు, డిసెంబరు ముప్పై ఒకటి కాదు. 1970 జనవరి ఒకటి.

పాప పాలు తాగడం ఆపి నా ముఖంలోకి చూసింది. నా గుండె చప్పుడు తనకు తగిలినట్టుంది.

డిగ్రీలో కంప్యూటరు ల్యాబు చెప్పిన మేడమ్ ఒకసారి అన్నారు, యంత్రాలకు నెలలూ వారాలూ తెలియవు, వాటికి తెలిసింది ఒక మొదలు నుంచి లెక్కపెట్టుకుంటూ పోవడమేనని. ఆ మొదలు 1970 జనవరి ఒకటి. పరీక్షకు ఒక మార్కు ప్రశ్న. రాసి మరిచిపోయాను. ఫోను పూర్తిగా ఆరిపోయి వెలిగినప్పుడు దానికి తేదీ గుర్తులేదు. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టుకుంది. కానీ ఎప్పుడు తెరవాలో మాత్రం దాని దగ్గర రాసి ఉంది. ఆ మిగిలిన ఆరు గంటల ముప్పై ఆరు నిమిషాలకు, యంత్రాలు లెక్కపెట్టే ప్రపంచ సమయం కంటే మన దేశం ముందుండే అయిదున్నర గంటలు కలిపాను. పన్నెండు దాటి ఆరు నిమిషాలు. పిల్ల ఫోను నొక్కింది పదకొండు దాటాక, శిక్ష గంట. అన్నీ కలిశాయి.

తెరుచుకోవాల్సిన వేళ ఎప్పుడో మధ్యాహ్నమే వచ్చి వెళ్ళిపోయింది. ఆ సంగతి ఫోనుకు తెలియదు, అంతే. ఛార్జరు తీసి తెర మీద మళ్ళీ చూశాను. పైన చిన్న అక్షరాల్లో గురువారం, జనవరి 1 అని ఉంది. మొదటి నుంచీ ఉంది. కింద అంత పెద్ద సంఖ్య కనబడుతుంటే పైన ఏముందో ఇంట్లో ఒక్కరమూ చూడలేదు.

దానికి ఇవాళ ఏ రోజో ఎవరైనా చెప్పాలి. లోపలికి వెళ్ళి మార్చడానికి లేదు. ఒకసారి తెరిచేదాకా వైఫై కూడా కలవదు. సిమ్ ఉంటే టవరు చెబుతుంది. నా బటన్ల ఫోనులో సిమ్ పెద్దది, ఇందులో పట్టదు.

మా ఆయన చీకటి పడేవేళకు వచ్చారు. చేతిలో మందార రంగు ప్లాస్టిక్ కవరు, అందులో మామిడిపళ్ళు. కవరు గుమ్మం దగ్గర పెట్టి, "ఇయ్యి ఫోను, వాడు దుకాణం మూస్తడు" అన్నారు.

"మీ సిమ్ కావాలి."

"నా సిమ్మెందుకు?"

"ఇందులో వేస్తే తెరుచుకుంటుంది."

"ఎవరు జెప్పిండ్రు?"

"ఎవరూ చెప్పలేదు. లెక్క చేశాను."

ఆయన నవ్వలేదు కానీ నవ్వడానికి దగ్గరగా వచ్చారు. "దుకాణం వాడు దినానికి యాభై ఫోన్లు జూస్తడు. వాడే దారి లేదన్నడు. రేపు లోడు రావాలె, డ్రైవర్ ఇప్పుడే ఫోన్ జేస్తడు. సిమ్ దీస్తె ఎట్ల?"

నేను క్యాలెండరు కాగితం ఆయన ముందు పెట్టాను. ఆయనకు కారణాంకాలు పట్టలేదు. కానీ వ్యాపారం చేసే మనిషి. తీసివేతను వెనక నుంచి సరిచూడటం తెలుసు. నెలలు నెలలుగా వేలితో కిందికి వచ్చారు. జనవరి ఒకటి దగ్గర ఆగి మళ్ళీ పైకి వెళ్ళి మళ్ళీ వచ్చారు. తర్వాత తెర మీద గురువారం చూశారు.

"గురువారమేనా అది, ఆ సంవత్సరం?"

"చూసుకోండి మీ ఫోనులో."

చూసుకున్నారు. అత్తయ్య తలుపు దగ్గర నిలబడి, "ఏందిరా ఇద్దరు కలిసి జాతకం జూస్తుండ్రా?" అంది.

"పిన్నీసు ఇయ్యమ్మా" అన్నారాయన.

అత్తయ్య తన పమిటకున్న పిన్నీసు తీసి ఇచ్చింది. సిమ్ తీసి పాత ఫోనులో పెట్టారు. కాసేపు ఏమీ జరగలేదు. ఆ కాసేపట్లో నేను చేసిన భాగహారాలన్నీ తప్పని నాకు నేనే నిరూపించేసుకున్నాను. తర్వాత పైన ఒక గీత, రెండు గీతలు. గురువారం పోయింది, శనివారం వచ్చింది. సంఖ్య లేదు. రహస్య అంకెలు అడుగుతోంది. నేను వేలు పెట్టబోయాను. "నువ్వు జరుగు" అని ఆయనే నొక్కారు.

వీడియో ముగ్గురం నిలబడే చూశాం. వీడియోలో పాప ముఖం దగ్గరగా ఉంది. వంగింది, లేచింది. వెనక నుంచి అత్తయ్య గొంతు, "సలాం జేస్తుంది మా బేగం, ఇంకోపారి, శాబాష్." మళ్ళీ వంగింది. కళ్ళు పైకి పోయాయి. మళ్ళీ. మధ్యలో పాప నోరు తెరిచి ఏడవబోతే ఆ ఏడుపు మధ్యలోనే తెగిపోయి మళ్ళీ వంగింది. అత్తయ్య గొంతు శాబాష్ అంటూనే ఉంది. ఆవిడ ఎప్పుడూ పక్కన కూర్చుని చూసేది, లేదా ఒళ్ళో పెట్టుకుని వెనక నుంచి. ముఖం ఎదురుగా పెట్టుకుని చూడటం అదే మొదటిసారి అనుకుంటాను.

"గొంతు ఆపురా" అంది. ఆయన శబ్దం తగ్గించారు. శబ్దం లేకుండా చివరి దాకా చూసింది. తర్వాత లోపలికి వెళ్ళి, పొద్దున్నే వెళ్ళాలి కాబట్టి పాప బట్టలు సంచిలో సర్దడం మొదలుపెట్టింది.

ఆదివారం ఆ చిన్న ఆసుపత్రి వసారా నిండా జనం. యరగేర నుంచి, అరకేర నుంచి, ఇంకా ఎక్కడెక్కడి నుంచో పిల్లలను ఎత్తుకుని వచ్చారు. మా వంతు వచ్చేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. డాక్టరు వీడియో ఒకసారి చూసి, మళ్ళీ మొదటికి తెచ్చి చూశాడు. మూడోసారి చూస్తూ వంపులను వేళ్ళ మీద లెక్కపెట్టాడు. వీడియోలో గొంతు విని తలెత్తి, "పాత రోజుల్లో పెద్ద డాక్టర్లు కూడా దీన్ని సలాం అనే రాశారమ్మా. చూడటానికి అలాగే ఉంటుంది" అన్నాడు. మా మనసు తేలిక చేయడానికి అన్నాడో, నిజమే చెప్పాడో. ఇవి ఫిట్సేనన్నాడు. తలకు తీగలు పెట్టి చేసే పరీక్ష రేపే చేయించమన్నాడు, మందు ఆలస్యం చేయొద్దన్నాడు. ఆ మందే ఇప్పటికీ నడుస్తోంది. వంపులు బాగా తగ్గాయి. పూర్తిగా పోయాయని మాత్రం ఎవరూ అనలేదు. పొద్దున పాప కళ్ళు తెరిచే ముందు నేను ఇంకా ఊపిరి బిగబట్టే కూర్చుంటాను.

ఆ ఆదివారం డాక్టరు కాగితం ముందుకు లాక్కుని అడిగాడు. "ఎప్పటి నుంచి వస్తున్నాయి? సరిగ్గా చెప్పండి. ఎంత ముందుగా మొదలుపెడితే అంత మంచిది కాబట్టి అడుగుతున్నాను."

"ఉగాది అయ్యాక, సార్. వారం పది రోజులకు" అన్నాను. ఆయన రాసుకున్నాడు.

"కాదు సార్."

అత్తయ్య నా వెనక బల్ల మీద కూర్చుని ఉంది. పాప ఆవిడ ఒళ్ళో ఉంది.

"ఉగాది గాదు. శివరాత్రి. జాగారం జేసి పొద్దుగాల ఇంటికొచ్చి పిల్లను ఎత్తుకున్న. అప్పుడే జూసిన మొదలు. ఈమె పండుకొని ఉండె, ఈమెకెర్క లేదు." నా వైపు చూడలేదు. ఆ రోజుల్లో నన్ను కాసేపు పడుకోనివ్వడానికి తెల్లవారగానే పాపను తీసుకెళ్ళేది ఆవిడే. "ఆడుకుంటుంది అనుకున్న సార్. నేనే మల్ల జెయ్ మల్ల జెయ్ అన్న."

డాక్టరు నేను చెప్పింది కొట్టేసి, ఆవిడ చెప్పింది రాసుకున్నాడు.